నీడ పడే తోటలో తినే మొక్కల పెంపకం: తరచుగా అడిగే ప్రశ్నలు

నీడ పెరడు ఉన్నవాళ్లు అడిగే సందేహాలు ఇంచుమించు ఒకటే. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. తోటపని నడిచే వరుసలోనే ప్రశ్నలను విడదీశాం. ఏ జవాబు విడిగా చదివినా అర్థమవుతుంది, కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## నాటకముందు: వెలుతురు లెక్క

మా పెరట్లో రోజుకు రెండు మూడు గంటలే ఎండ పడుతుంది. తినేవి ఏమైనా పండుతాయా?

పండుతాయి, కానీ అన్నీ కాదు. మొక్కలో మీరు ఏ భాగం తింటారు అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఆకు కోసం పెంచేవాటికి 3 గంటల నేరు ఎండ గానీ, పగలంతా మంచి వెలుతురు గానీ చాలు. ముల్లంగి, బీట్‌రూట్ లాంటి వేర్లకు 4-5 గంటలు కావాలి. కాయకూ పండుకూ కనీసం 6, బాగా కాయాలంటే 8.

ఆకు తయారుచేసిన చక్కెరలో మొక్క తన బతుకుకు వాడుకోగా మిగిలిందే వేరులోకి, కాయలోకి చేరుతుంది. నీడలో ఆ మిగులు తక్కువ. ఆకు తినేటప్పుడు మిగులు కోసం ఆగనక్కర్లేదు. అల్లం, పసుపు, చేమ మాత్రం దుంపలైనా ఈ లెక్కకు లొంగవు. పెద్ద చెట్ల కింది తడి నేలల్లో పెరిగే కుటుంబాలవి, తక్కువ వెలుతురులోనూ దుంప కడతాయి.

నీడలో రకాలు ఉంటాయంటున్నారు. మాది ఏ రకమో ఎలా తెలుస్తుంది?

పనికొచ్చే విభజన నాలుగు రకాలు. రోజులో 3 నుంచి 6 గంటలు నేరు ఎండ పడి, మిగతా వేళ నీడ ఉంటే పాక్షిక నీడ. చెట్టు ఆకుల సందుల్లోంచి ఎండపొడలు కదులుతూ పడుతుంటే చెదురు నీడ. గోడ అడ్డం వల్ల నేరు ఎండ రాకపోయినా తలెత్తితే ఆకాశం కనిపిస్తుంటే అది వెలుతురున్న నీడ. పైన కప్పు, చుట్టూ గోడలు, లేదా గుబురు చెట్టు ఉండి ఆకాశమే కనిపించకపోతే చిక్కటి నీడ.

చిన్న పరీక్ష ఒకటుంది. మిట్టమధ్యాహ్నం అక్కడ తెల్ల కాగితం పరిచి, దానికి 30 సెంటీమీటర్ల ఎత్తున అరచెయ్యి పెట్టండి. వేళ్ల నీడ అంచులు స్పష్టంగా ఉంటే చాలా మొక్కలకు పనికొచ్చే చోటు. అంచులు చెదిరి చెయ్యి ఆకారం మాత్రం తెలుస్తుంటే ఆకుకూరల చోటు. నీడే కనిపించకపోతే ఆకుపచ్చ మొక్కల మీద డబ్బు ఖర్చుపెట్టకండి.

ఎండ గంటలు ఎలా లెక్కపెట్టాలి? ఒక్కరోజు చూస్తే సరిపోతుందా?

ఉదయం 7 నుంచి సాయంత్రం 5 వరకు గంటకోసారి ఒకే చోట నిలబడి ఫొటో తీయండి. తర్వాత కాగితం మీద పెరటి పటం గీసి, ఒక్కో చోట ఎన్ని ఫొటోల్లో ఎండ ఉందో అంకె వేయండి. ఆ అంకే గంటల లెక్క.

ఒక్కరోజుతో సరిపోదు. సూర్యుడి దారి ఏడాది పొడవునా జరుగుతూ ఉంటుంది. మార్చి 21, జూన్ 21, సెప్టెంబర్ 23, డిసెంబర్ 22 దగ్గరలో ఒక్కోసారి చూస్తే పూర్తి చిత్రం వస్తుంది. కర్కట, మకర రేఖల మధ్య ఉన్న ప్రాంతాల్లో మధ్యాహ్నపు సూర్యుడు కొన్నాళ్లు ఉత్తరానికీ, కొన్నాళ్లు దక్షిణానికీ వాలి ఉంటాడు. అందుకే భూమధ్యరేఖకు పైన ఉన్నవాళ్లకు జూన్‌లో ఎండ తగిలిన ఉత్తరపు గోడ డిసెంబర్‌లో పూర్తిగా నీడలోకి పోతుంది. ఆ రేఖలకు బయట ఉన్నవాళ్లకు సూర్యుడు ఎప్పుడూ ఒకే వైపు ఉంటాడు, కానీ ఎత్తు మారి నీడ పొడవు మారుతుంది.

ఫోన్‌లో లక్స్ (వెలుతురు కొలమానం) కొలిచే యాప్‌ని నమ్మవచ్చా?

అంకెను అక్షరాలా నమ్మకండి. ఒక మూలకూ ఇంకో మూలకూ తేడా చూడటానికి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది. మధ్యాహ్నపు నేరు ఎండ దాదాపు 1,00,000 లక్స్, ఆకాశం కనిపించే నీడ 10,000 నుంచి 20,000. పగలంతా 10,000 దగ్గర నిలిస్తే ఆకుకూర నెమ్మదిగానైనా పెరుగుతుంది. రోజులో ఎక్కువసేపు 5,000 లోపే ఉంటే పుదీనా కూడా పాకుతుందే గానీ ఆకు పెట్టదు.

ఉదయం ఎండ మంచిదా, మధ్యాహ్నం ఎండ మంచిదా?

ఆకులకూ అల్లం జాతికీ ఉదయపు ఎండ. రాత్రి కురిసిన మంచు త్వరగా ఆరిపోతుంది కాబట్టి బూజు తెగుళ్లు తగ్గుతాయి, వేడికి ఆకు వాడదు. రోజంతా నీడలో ఉండి మధ్యాహ్నం 1 నుంచి 4 వరకు మాత్రమే ఎండ తగిలే చోట లేత ఆకుల అంచులు మాడతాయి. మధ్యాహ్నపు ఎండ 5 గంటలకు తగ్గకుండా ఉంటే మిరప, చిన్న టమాటాలకు ప్రయత్నించవచ్చు, అవి ఆ వేడిని తట్టుకుంటాయి.

గోడకు తెల్ల సున్నం వేస్తే వెలుతురు పెరుగుతుందా? అద్దాలు పెడితే?

సున్నం వేసిన గోడ మీద పడిన వెలుతురులో అధిక భాగం తిరిగి వెనక్కి వస్తుంది. గోడకు ఒక మీటరు లోపల ఉన్న మొక్కలకు ఆ తేడా బాగా తెలుస్తుంది. ఖర్చు తక్కువ, ప్రమాదం లేదు, ముందుగా చేయాల్సిన పని ఇదే. కుండీల కింద తెల్ల పలకలు పరిచినా కింది ఆకులకు లాభం.

అద్దాలు, మెరిసే రేకులు వద్దు. ఎండను ఒకేచోట గుచ్చి ఆకు కాలుస్తాయి, ఎండుటాకులుంటే నిప్పు భయం కూడా.

చెట్టు కొమ్మలు కొట్టిస్తే సరిపోదా?

చాలాసార్లు సరిపోతుంది. పైనుంచి నరకడం కన్నా కింది కొమ్మలు తీసి గొడుగును ఎత్తు చేయడం మేలు. 2-3 మీటర్ల ఎత్తు వరకు కాండం ఖాళీ అయితే ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ లోపలికి వస్తుంది. ఒక ఏడాదిలో గొడుగులో నాలుగో వంతుకు మించి తీయకండి. మించితే చెట్టు బెదిరి ఎక్కడపడితే అక్కడ నీటి కొమ్మలు వేస్తుంది, రెండేళ్లలో నీడ మునుపటి కన్నా గుబురవుతుంది.

## ఏం నాటాలి

నీడలో నమ్మకంగా వచ్చే ఆకులు ఏవి?

అందరికన్నా ముందు పుదీనా, పొన్నగంటి, సరస్వతి ఆకు, తమలపాకు. తేమ ఉంటే ఇవి నీడనే ఇష్టపడతాయి. తర్వాత బచ్చలి: నీడలో తీగ నెమ్మదిగా సాగుతుంది గానీ ఆకు వెడల్పుగా, మెత్తగా వస్తుంది. 3-4 గంటల ఎండ ఉంటే కొత్తిమీర, మెంతి, పాలకూర, చుక్కకూర, లెట్యూస్, సెలరీ, పార్స్లీ, ఉల్లికాడలు వస్తాయి. వాము ఆకు కూడా నీడను ఓర్చుకుంటుంది, కానీ దానికి తడి ఎక్కువైతే మొదలు కుళ్లుతుంది.

మొదటిసారి నాటేవాళ్లు పుదీనా, బచ్చలి, కొత్తిమీర ఈ మూడింటితో మొదలుపెట్టండి. ఈ మూడూ ఎలా పెరుగుతాయో చూస్తే మీ నీడ సంగతి మూడు నెలల్లో తెలిసిపోతుంది.

పాలకూర వస్తోంది కానీ తోటకూర, గోంగూర ఎందుకు రావడం లేదు?

తోటకూర సీ4 మొక్క. అంటే మండే ఎండను పూర్తిగా వాడుకునేలా తయారైన యంత్రాంగం దానిది. వెలుతురు తగ్గితే ఆ బలమే బరువవుతుంది: కాడ సన్నగా సాగి, రెండు మూడు ఆకులతోనే కంకి తీస్తుంది. గోంగూర సీ4 కాకపోయినా ఎండ మొక్కే, నీడలో కణుపుల మధ్య దూరం పెరిగి పుల్లల్లా నిలబడుతుంది. తోటకూర తప్పనిసరిగా కావాలంటే విత్తనం ఒత్తుగా చల్లి, 12-15 సెంటీమీటర్లు రాగానే లేతగా పీకేసుకోండి. పెద్ద మొక్కల మీద ఆశ పెట్టుకోవద్దు.

టమాట, వంకాయ, మిరప పూర్తిగా వదులుకోవాల్సిందేనా?

4 గంటల లోపు ఎండ ఉంటే వదులుకోండి. పూత వస్తుంది, రాలిపోతుంది, మీకు నిరాశ మిగులుతుంది. 5 గంటలుంటే చిన్న పండ్ల టమాట, సన్న మిరప ఎంచుకోండి. చిన్న కాయకు చక్కెర తక్కువ చాలు కాబట్టి మొక్క మోయగలుగుతుంది. పెద్ద టమాట, వంగ, బెండ, సొర, కాకర లాంటివి 6 గంటల కన్నా తక్కువలో పెట్టకండి. తీగజాతికి ఒక వెసులుబాటు ఉంది: మొదలు నీడలో ఉన్నా తీగను ఎండ తగిలే గోడపైకో కప్పుపైకో పాకించగలిగితే కాస్తుంది. ఎండ కావలసింది ఆకుకు, వేరుకు కాదు.

అల్లం, పసుపు నీడలో ఎలా పెంచాలి?

నీడ తోటకు ఇంతకన్నా తగిన పంట లేదు. ఉదయం 3-4 గంటల ఎండ గానీ, రోజంతా చెదురు నీడ గానీ ఉంటే చాలు. సగానికి మించి వెలుతురు తగ్గితే మాత్రం ఆకు పచ్చగా ఉండి కింద దుంప చిన్నదవుతుంది.

25-30 గ్రాముల ముక్కలు, ఒక్కోదానికి కనీసం 2 కళ్లు ఉండేలా విరవండి. కోసిన ముఖం ఆరడానికి ఒక రోజు నీడలో ఉంచండి, తడి గాయంతో నాటితే కుళ్లుతుంది. కన్ను పైకి వచ్చేలా 4-5 సెంటీమీటర్ల లోతున, 25-30 సెంటీమీటర్ల దూరంతో నాటండి. కుండీ అయితే లోతు 30 సెంటీమీటర్లు చాలు, వెడల్పు 35-40 ఉండాలి, ఎందుకంటే దుంప పక్కలకు పాకుతుంది. మొలక రావడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. అంతవరకు మట్టి చెమ్మగా ఉంటే చాలు, నీళ్లు పోసి నానబెట్టకండి.

నాటిన 45వ రోజున ఒకసారి, 90వ రోజున ఒకసారి మొదళ్లకు మట్టి ఎగదోసి, గుప్పెడు వర్మీకంపోస్టు వేయండి. బయటపడిన అల్లం దుంప పచ్చబడి ఎదగడం మానేస్తుంది. పైన ఎండుటాకులు 5 సెంటీమీటర్ల మందాన పరిస్తే తేమా నిలుస్తుంది, కలుపూ రాదు.

చేమ, కంద వేయవచ్చా? గొంతు దురద పెడుతుందని భయం.

రెండూ నీడను ఓర్చుకుంటాయి. చేమకు నేల ఎప్పుడూ తడిగా ఉండాలి, గోడ వెంట నీరు దిగే పల్లం దానికి సరైన చోటు. కందకు నీళ్లు నిలవకూడదు, 45 సెంటీమీటర్ల గొయ్యి తవ్వి ఎరువు నింపి నాటాలి.

దురదకు కారణం కణాల్లో ఉండే సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. ఆకు, కాడ, దుంప ఏదైనా పూర్తిగా ఉడికించే తినాలి, పచ్చిగా ఎప్పుడూ కాదు. తరిగేటప్పుడు చేతులకు నూనె రాసుకోండి. ఇంకో ముఖ్యమైన మాట: అలంకరణకు పెంచే కలాడియం, అలోకేసియా చేమలాగే కనిపిస్తాయి. తినే రకమని తెలిసిన చోటు నుంచి తెచ్చిన దుంపను తప్ప, పెరట్లో తనంతట తాను మొలిచినదాన్ని తినకండి.

చెట్టు మీదికి మిరియం తీగ పాకిస్తే కాస్తుందా?

వెచ్చగా, తేమగా ఉండే చోట కాస్తుంది. గరుకు బెరడున్న చెట్టు కావాలి. నేల మీద పాకే తీగ నుంచి 2-3 కణుపుల ముక్కలు తీసి వేరు పట్టించి నాటండి. కాపు మూడో ఏడు నుంచి. అంత ఓపిక లేకపోతే పక్క కొమ్మల నుంచి తయారుచేసే పొద మిరియం కుండీలో పెట్టండి. దానికి ఆధారం అక్కర్లేదు, ముందుగానే కాస్తుంది.

ఎండే రాని చీకటి మూల ఉంది. అక్కడ ఏం చేయాలి?

పుట్టగొడుగులు. వాటికి ఆహారం గడ్డిలోంచి వస్తుంది, వెలుతురులోంచి కాదు. ఆల్చిప్ప పుట్టగొడుగు తేలిక. ఉష్ణోగ్రత 20-30 డిగ్రీల సెల్సియస్, గాలిలో తేమ 80-90 శాతం ఉండాలి.

కొత్త వరిగడ్డి గానీ గోధుమగడ్డి గానీ 3-5 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి 8-12 గంటలు నానబెట్టండి. తర్వాత 65-70 డిగ్రీల వేడినీటిలో ఒక గంట ఉంచి వార్చండి. పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రావాలి. అంతకన్నా తడి ఉంటే ఆకుపచ్చ బూజు పడుతుంది, ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. కిలో ఎండుగడ్డికి 100-150 గ్రాముల పుట్టగొడుగు విత్తనం. పాలిథీన్ సంచిలో ఒక పొర గడ్డి, అంచుల వెంట విత్తనం, మళ్లీ గడ్డి, అలా నింపి మూతి కట్టి, పక్కలకు 10-12 చిన్న రంధ్రాలు పెట్టండి. 15-20 రోజులు చీకట్లో ఉంచితే గడ్డి అంతా తెల్లబడుతుంది. అప్పుడు సంచి కోసి, గాలి ఆడేచోట కొద్దిపాటి వెలుతురులో పెట్టి రోజుకు 2-3 సార్లు పొగమంచులా నీళ్లు చల్లండి. గుండుసూది తలల్లాంటివి కనిపించిన 3-5 రోజుల్లో, అంచులు పైకి తిరగకముందే కోయాలి. వారం పది రోజుల ఎడంతో 2-3 కోతలు వస్తాయి. సంచులను పడకగదిలో పెట్టవద్దు, వాటి బీజాలు కొందరికి దగ్గు, ఆయాసం తెస్తాయి.

## నేల, కుండీలు, చెట్ల వేళ్లు

పెద్ద చెట్టు కింద మడి తవ్వితే వేళ్లే వస్తున్నాయి. ఏం చేయాలి?

తవ్వడం ఆపండి. చెట్టుకు నీరూ పోషకాలూ తెచ్చే సన్నని వేళ్లు ఎక్కువగా పై 30-60 సెంటీమీటర్లలోనే ఉంటాయి, కొమ్మల గొడుగు దాటి ఇంకా చాలా దూరం పోతాయి. బొటనవేలి కన్నా లావు వేళ్లు నరికితే చెట్టు పట్టు తప్పుతుంది. మొదలు చుట్టూ మట్టి పోసి ఎత్తు చేయడం కూడా పొరపాటే, బెరడు కుళ్లుతుంది.

కుండీలో, గ్రో బ్యాగులో పెంచడం ఉత్తమం. కానీ వాటిని నేరుగా నేల మీద పెడితే ఆరు నెలల్లో చెట్టు వేళ్లు అడుగు రంధ్రాల్లోంచి లోపలికి ఎక్కి ఎరువంతా తాగేస్తాయి. ఇటుకల మీద 5-10 సెంటీమీటర్ల ఎత్తున పెట్టండి.

ఏ చెట్ల కింద అసలు నాటకూడదు?

నల్ల అక్రోటు చెట్టు జుగ్లోన్ అనే పదార్థం వదులుతుంది. టమాట, వంగ, మిరప, బంగాళదుంప దానికి వాడిపోతాయి. నీలగిరి చెట్టు రాల్చిన ఆకులు మొలకలను అణచివేస్తాయి, పైగా నేలలో తేమను పీల్చేస్తుంది. గన్నేరు లాంటి విషపు మొక్కల పక్కన ఆకుకూరలు వేయకండి, కోసేటప్పుడు రాలిన ఆకు కలిసిపోయే ప్రమాదం ఉంది.

నేలంతా నాచు పట్టింది. మొక్కలకు హాని చేస్తుందా?

నాచు హాని చేయదు, అది ఒక గుర్తు మాత్రమే. నేల గట్టిపడి నీరు ఇంకడం లేదని, పైపొర ఆరడం లేదని చెబుతుంది. గీకేస్తే మళ్లీ వస్తుంది. 15 సెంటీమీటర్ల లోతు గుల్ల చేసి, చివికిన ఎరువు 5 సెంటీమీటర్ల మందాన కలిపి, నీరు బయటికి పోయేలా మడిని 15-20 సెంటీమీటర్లు ఎత్తు చేయండి.

నీడలో పెట్టే కుండీకి మట్టి మిశ్రమం ఏది?

ఎండలో పెట్టే కుండీ కన్నా త్వరగా నీరు వదిలేదిగా ఉండాలి. మట్టి 2 పాళ్లు, చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు 1 పాలు, ముతక ఇసుక 1 పాలు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) అర పాలు. కోకోపీట్ సగానికి సగం వేసే అలవాటు నీడలో చేటు, వారం దాటినా తడి ఆరదు. పుదీనాకు లోతు 15 సెంటీమీటర్లు, కొత్తిమీర, పాలకూరకు 20, బచ్చలికి 30 చాలు.

## విత్తడం, నాటడం

విత్తనాలు నీడలోనే చల్లాలా, వేరేచోట నారు పోయాలా?

ఇంట్లో ఎక్కడైనా ఎండ తగిలే కిటికీ, మెట్టు, పిట్టగోడ ఉంటే అక్కడ నారు పోయండి. మొలకకు విత్తనంలో దాచుకున్న తిండి వారం పది రోజులకే అయిపోతుంది, ఆ తర్వాత వెలుతురు లేకపోతే మొదటి ఆకులే బలహీనమవుతాయి. మొలకతో వచ్చే విత్తనపు ఆకులు కాక, ఆ తర్వాత వచ్చే నిజమైన ఆకులు 4-5 వచ్చాక నీడలోకి మార్చండి. ఎండలో బలపడిన మొక్క నీడలో నెట్టుకొస్తుంది.

కొత్తిమీర, మెంతి, ముల్లంగి నారు మార్పును ఇష్టపడవు, నేరుగా కుండీలో చల్లి కుండీనే జరపండి. ధనియాన్ని రెండు బద్దలుగా నలిపి, రాత్రంతా నానబెట్టి చల్లితే 8-12 రోజుల్లో మొలుస్తుంది.

మొలకలు సన్నగా పొడుగ్గా సాగి పడిపోతున్నాయి. నీళ్లు తక్కువా?

నీళ్లు కాదు, వెలుతురు తక్కువ. మొక్క కాంతిని వెతుక్కుంటూ కాండాన్ని సాగదీస్తోంది. చెట్టు కింద ఇది గోడ నీడ కన్నా ఎక్కువగా ఉంటుంది. పై ఆకులు ఎరుపు, నీలం కాంతిని తాగేసి దూర ఎరుపును (ఎరుపుకు అవతల, కంటికి సరిగా కనిపించని కాంతిని) కిందికి వదులుతాయి. దాన్ని బట్టి కింది మొక్క తన పైన పోటీదారు ఉందని గుర్తించి ఇంకా పొడుగు పోతుంది.

సాగిన మొలకలు తిరిగి లావెక్కవు. కుండీని వెలుతురులోకి జరిపి, కాండానికి సగం ఎత్తు వరకు మట్టి వేసి నిలబెట్టవచ్చు. ఇంకా చిన్నవైతే పీకేసి మళ్లీ విత్తడమే తక్కువ శ్రమ.

ఎంత ఎడం పెట్టాలి?

విత్తనం పొట్లం మీద రాసిన దూరానికి ఒకటిన్నర రెట్లు. పాలకూరకు 10 అంటే 15 సెంటీమీటర్లు. నీడలో మొక్కలు ఒకదానికొకటి నీడ చేసుకోవడం రెట్టింపు నష్టం, గాలి ఆడక ఆకు తడి కూడా ఆరదు.

## నీళ్లు, ఎరువు

రోజూ నీళ్లు పోస్తున్నాను, అయినా ఆకులు వాడుతున్నాయి. ఎందుకు?

చాలాసార్లు నీళ్లు ఎక్కువై వేరు కుళ్లడం వల్ల. వేరు పోయాక మొక్క నీటిని తాగలేదు కాబట్టి దాహంతో వాడినట్లే కనిపిస్తుంది. చూపుడు వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడండి. చల్లగా, వేలికి మట్టి అంటుకునేలా ఉంటే ఆ రోజు పోయకండి.

గోడ నీడకూ చెట్టు నీడకూ తేడా గమనించాలి. గోడ నీడలో నేల నాలుగైదు రోజులు తడిగా ఉంటుంది. చెట్టు కింద చెట్టే నీళ్లు తాగేస్తుంది, వాన కూడా ఆకుల మీదే ఆగిపోతుంది, కాబట్టి అక్కడ రెండు రోజులకే ఆరిపోవచ్చు. ఇంటి చూరు కింద, గోడకు అరమీటరు లోపు నేల జోరు వానలోనూ పొడిగా ఉండిపోతుంది.

వెలుతురు తక్కువ కదా, ఎరువు ఎక్కువ వేస్తే సరిపోతుందా?

సరిపోదు, ఇంకా చెడుతుంది. ఇది అన్నింటికన్నా ఎక్కువగా జరిగే తప్పు. వెలుతురు లోటును ఎరువు పూడ్చలేదు. నత్రజనిని మాంసకృత్తుగా మార్చడానికి మొక్కకు చక్కెర కావాలి, ఆ చక్కెర వెలుతురులోంచే రావాలి. చక్కెర లేకుండా నత్రజని మాత్రం అందితే ఆకులు పెద్దగా, నీరుపట్టినట్టు పలచగా వస్తాయి. వాటి మీద పేనుబంక, బూజు త్వరగా పడతాయి, ఆకులో నైట్రేట్ (మొక్క వాడుకోకుండా మిగిలిన నత్రజని) కూడా పేరుకుంటుంది.

ఎండ తోటకు వేసే మోతాదులో సగం వేయండి. 30 సెంటీమీటర్ల కుండీకి నెలకు ఒక గుప్పెడు వర్మీకంపోస్టు చాలు. యూరియా వంటివి నీడ కుండీల్లో వాడకండి.

ఆకులు పసుపు అవుతున్నాయి. ఏమిటి కారణం?

కింది ఆకులు ఒకటి రెండే పండితే సహజం. వాటికి వెలుతురు అందక మొక్కే వదిలించుకుంటోంది. కింది ఆకులన్నీ వరసగా పండి, మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే అది నీరు నిలవడం. లేత ఆకులు పసుపై ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు, తడి చల్లని నేలలో వేరు పనిచేయనప్పుడూ ఇలా అవుతుంది. ముందు నీళ్లు తగ్గించి పది రోజులు చూడండి, తర్వాతే మందు సంగతి.

గ్రో లైట్ పెట్టాలా?

ఆకుకూరలకు, నారుకు లాభమే. మామూలు తెల్ల ఎల్‌ఈడీ, 4000-6500 కెల్విన్ రకం చాలు, ఊదారంగు దీపమే కావాలని లేదు. 60 సెంటీమీటర్ల చదరపు చోటుకు 30 వాట్లు, ఆకుల పైన 20-30 సెంటీమీటర్ల ఎత్తున, రోజుకు 12-14 గంటలు. దీపాన్ని మీటరు ఎత్తున కడితే గది వెలుగుతుంది గానీ మొక్కకు చేరేది చాలా తక్కువ. ఆరుబయట పెట్టేటప్పుడు వానకు తట్టుకునే దీపమూ తీగలూ మాత్రమే వాడండి. టమాట కాయించడానికి మాత్రం ఈ ఖర్చు దండగ.

## పురుగులు, తెగుళ్లు

రాత్రికి రాత్రి ఆకులు తినేస్తున్నాయి, పగలు ఏమీ కనిపించదు.

నత్తలు. ఆకు మీద, కుండీ అంచు మీద ఎండిన జిగురు చార కనిపిస్తే ఇక సందేహం లేదు. చీకటిపడిన రెండు గంటలకు టార్చితో వెళ్లి ఏరి ఉప్పునీళ్లలో వేయండి. వరసగా వారం చేస్తే చాలావరకు తగ్గుతాయి. తడి గోనెసంచి గానీ, చెక్క పలక గానీ సాయంత్రం నేల మీద పరిచి, పొద్దున్నే తిరగేస్తే కింద చేరి ఉంటాయి. చేతులకు తొడుగు వేసుకోండి, నత్తలు కొన్ని పరాన్నజీవులను మోస్తాయి. అదే కారణంతో పచ్చిగా తినే ఆకులను విడివిడిగా, పారే నీటిలో కడగాలి. ఉప్పును నేరుగా మడిలో చల్లకండి, నేల పాడవుతుంది.

ఆకుల మీద తెల్ల పొడి పడింది.

బూడిద తెగులు. ఆకు తడిగా లేకపోయినా నీడ, గాలి ఆడని తేమ ఉంటే వస్తుంది. పట్టిన ఆకులు తీసి దూరంగా పారేయండి, ఎరువు గుంతలో వేయకండి. కుండీల మధ్య ఎడం పెంచండి. మొదటి మచ్చలప్పుడే లీటరు నీటికి 5 గ్రాముల పొటాషియం బైకార్బొనేట్, రెండు చుక్కల ద్రవ సబ్బు కలిపి ఆకు రెండు వైపులా వారానికోసారి కొట్టవచ్చు. సగం ఆకు తెల్లబడ్డాక కొట్టినా ఫలితం ఉండదు.

నారు మొదట్లో నల్లబడి వాలిపోతోంది.

నారుకుళ్లు తెగులు. తడి మట్టి, ఒత్తుగా చల్లిన విత్తనం, పాత మట్టి కలిస్తే వస్తుంది. పడిన మొక్కలు లేవవు. కొత్త మిశ్రమంలో, పలచగా విత్తి, పైన సన్నని ఇసుక పొర వేసి, నీళ్లు కింద పళ్లెంలోంచి పట్టించండి.

అల్లం ఆకులు పసుపై, కాండం లాగితే ఊడి వస్తోంది.

దుంపకుళ్లు. ఆ మొక్కనూ చుట్టూ మట్టినీ తీసేయండి, మిగతావాటికి నీరు నిలవకుండా చూడండి. ఆ కుండీ మట్టిలో రెండు మూడేళ్లు అల్లం, పసుపు వేయకూడదు. మచ్చలున్న దుంపను విత్తనంగా వాడటమే తరచుగా మూలకారణం.

## కోత

మామూలుగా 30 రోజులకు వచ్చే ఆకుకూర 40 దాటినా చిన్నగానే ఉంది. తప్పు ఎక్కడ?

తప్పేమీ లేదు. 3-4 గంటల ఎండలో రెండు వారాలు ఆలస్యం కావడం మామూలే. దానికి బదులుగా ఒక లాభం ఉంది: కొత్తిమీర, లెట్యూస్, పాలకూర వేడికి త్వరగా పూతకు వచ్చి చేదెక్కుతాయి. నీడలో ఆ పూత వెనక్కి జరుగుతుంది, అందుకే ఎండాకాలపు ఆకుకూరకు నీడ తోటే నయం. కోతకు ఎడం రాకూడదనుకుంటే రెండు వారాలకోసారి ఒక కుండీ విత్తండి.

ఒకసారి కోశాక మళ్లీ చిగురించడం లేదు.

ఎక్కువ కోస్తున్నారు. నీడ మొక్కకు మిగులు తక్కువ కాబట్టి తిరిగి లేవడానికి ఆకులే ఆధారం. ఒక్కసారికి మూడో వంతు మించి కోయకండి. పాలకూరలో బయటి ఆకులు తీసి నడిమి చిగురు వదలండి. పుదీనాను కణుపుకు కాస్త పైన కోస్తే ఆ కణుపు నుంచి రెండు కొమ్మలు వస్తాయి. పుదీనా కుండీని ఏడాదికోసారి తిరగేసి, ముదురు వేళ్లు తీసి, అంచుల్లో ఉన్న లేత పిలకలు కొత్త మట్టిలో పెట్టండి.

నీడలో పెరిగిన ఆకుకు వాసన తక్కువ. ఆ ఆకు మంచిదేనా?

మంచిదే. వాసన నూనెలు తయారుకావడానికి వెలుతురు కావాలి, అందుకే కొత్తిమీర, వాము ఆకు కొంచెం చప్పబడతాయి. ఉన్నంతలో ఎక్కువ వెలుతురు తగిలే చోటు వీటికే ఇవ్వండి.

నైట్రేట్ గురించి భయం ఉంటే ఆకును పొద్దున్నే కాక సాయంత్రం కోయండి. పగటి వెలుతురులో మొక్క కొంత నైట్రేట్‌ను వాడేసుకుంటుంది. కాడల్లో ఆకు కన్నా ఎక్కువ ఉంటుంది, చిన్న పిల్లల కోసమైతే కాడలు తీసేయండి.

చెట్టు కింద వాటంతట అవే మొలిచిన పుట్టగొడుగులు తినవచ్చా?

వద్దు. ప్రాణం తీసే జాతులు తినే జాతుల్లాగే ఉంటాయి, ఉడికించినా కొన్నింటి విషం పోదు. వెండి నల్లబడటం, పురుగు తినడం లాంటి పరీక్షలేవీ నమ్మదగ్గవి కావు. మీరు విత్తనం వేసి సంచిలో పెంచినవే తినండి.

అల్లం, పసుపు ఎప్పుడు తవ్వాలి?

లేత అల్లం కావాలంటే 5-6 నెలలకు, నిల్వకు అయితే 8-9 నెలలకు, ఆకులు పసుపై ఎండి పడిపోయాక. పసుపుకు 7-9 నెలలు. తవ్వే రెండు వారాల ముందు నీళ్లు ఆపండి, తొక్క గట్టిపడుతుంది. మొత్తం తవ్వకుండా కుండీ అంచున చెయ్యి పెట్టి కొంత దుంప విరుచుకుని మట్టి కప్పేయవచ్చు. వచ్చే ఏటి విత్తనానికి గట్టిగా, మచ్చ లేకుండా ఉన్న దుంపలు ఎంచి, కడగకుండా మట్టి దులిపి, పొడి ఇసుకలో నీడన దాచండి.